కాకినాడ మకాం, నాలుగు రోజులు: సముద్రం, కొండలు రెండూ చూపించాలంటే ఎలా?

తుల్యభాగ:

డిసెంబరు రెండో వారంలో హైదరాబాదు నుంచి వియ్యాలవారు వస్తున్నారండి. మాతో కలిపి ఎనిమిది మందిమి అవుతాం. వియ్యపురాలికి మోకాళ్ల నొప్పులు, ఎత్తు మెట్లు ఎక్కలేరు. ఆరేళ్లవాడు ఒకడు, తొమ్మిదేళ్ల పిల్ల ఒకర్తి. వాళ్లెవరూ ఇంతవరకు ఇటువైపు రాలేదు. సముద్రం, మడ అడవి, కోనసీమ, పాపికొండలు, మారేడుమిల్లి, అన్నవరంలో వ్రతం అని పెద్ద పట్టీ పంపారు. మకాం కాకినాడలో, పెద్ద బండి ఒకటి మాట్లాడుకుంటాం.

నెట్లో చూస్తే ఇరవై పేర్లు వరసగా రాసి ఊరుకుంటున్నారు. ఏది ఏ పూట చూడాలి, ఏది మానేసినా నష్టం లేదు, ఎక్కడ పని చెడుతుంది అన్నది ఎవరూ చెప్పడం లేదు. పాపికొండలు, మారేడుమిల్లి రెండూ పెట్టుకోవచ్చా, ఒకటే ఎంచుకోవాలా? కోనసీమకు అంతర్వేది దాకా వెళ్లాలా? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పండి.

కోరంగి మడ:

నమస్కారమండి. సముద్రం వైపు సంగతి నేను చెప్తాను. కాకినాడలో చూడాల్సినవాటిలో మొదటిది కోరంగి. జనం ఎక్కువగా నిరాశపడేదీ అక్కడే. అడవిలో లోపం ఏమీ లేదు, వెళ్లిన వేళలోనే ఉంటుంది లోపమంతా.

కోరంగి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైన. మనం చూసేది అందులో ఒక మూల మాత్రమే. కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు మీద చొల్లంగి దాటాక వస్తుంది, ఊళ్లోంచి అరగంట ప్రయాణం. మడచెట్ల మధ్య నుంచి చెక్కబాట వేశారు, దాని చివర కాలవ ఒడ్డున బోట్లు ఉంటాయి. ఈ కాలవలో నీరు సముద్రంతో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకీ పాటుకీ నడుమ ఆరు గంటలు, ఇంకో పది పదిహేను నిమిషాలు. ఇవాళ పది గంటలకు పోటు వస్తే రేపు అదే పోటు పదీ యాభై ప్రాంతంలో వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా ఎక్కుతుంది, బాగా దిగుతుంది. అష్టమి దగ్గర అంత తేడా కనబడదు.

బోటుకు పోటు కావాలి. పాటు వేళ వెళ్తే కాలవలో అడుగు తేలిపోయి బోటు అసలు తియ్యరు, తీసినా దగ్గర్లోనే తిప్పి తెచ్చేస్తారు. నడకకు మాత్రం పాటే మేలు. నీరు దిగితేనే మడ అంటే ఏమిటో తెలుస్తుంది. నల్లమడ చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్లు గుచ్చి నిలబెట్టినట్టు వందల వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. ఉప్పుబురదలో గాలి ఆడదు కనుక చెట్టు ఆ వేళ్లతోనే ఊపిరి పీల్చుకుంటుంది. ఆకును ఎండకు పట్టి చూస్తే ఉప్పు పలుకులు మెరుస్తాయి, చెట్టు తనకు అక్కర్లేని ఉప్పును ఆకులోంచి బయటకి తోసేస్తుంది. బురద మీద గెంతే చిన్న చేపలు, ఒక చెయ్యి పెద్దగా ఉండి దాన్ని ఊపుతూ తిరిగే ఎర్ర పీతలు పిల్లలకు గంటసేపు కాలక్షేపం. చెక్కబాట మీద ఒకచోట ఆగి రెండు నిమిషాలు కదలకుండా నిలబడాలి. అడుగుల చప్పుడుకు బొరియల్లోకి దూరినవన్నీ అప్పుడు ఒక్కొక్కటే బయటికొస్తాయి.

అందుకని లెక్క ఇలా వేసుకోండి. ఆ రోజు కాకినాడ పోటు వేళ చూసుకుని దానికి రెండు గంటల ముందు అక్కడ ఉండాలి. ముందు నడక, బురదలో జీవాలు. నడక పూర్తయ్యేసరికి కాలవ నిండుతుంది, అప్పుడు బోటు. పోటు తెల్లవారుజామునో చీకటి పడ్డాకో పడే రోజైతే బోటు మీద ఆశ వదులుకుని నడకకే వెళ్లండి, లేదా ఆ పూటను వేరే రోజుకు మార్చుకోండి.

పిల్లల్ని ఆకులు, కొమ్మలు తుంచనివ్వద్దు. మడల మధ్య తిల్ల చెట్లు ఉంటాయి, వాటి పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. దోమలు పగలే ఉంటాయి, చేతులు నిండా కప్పే బట్టలు వేసుకోవాలి. బావురు పిల్లి, నీటికుక్కలు ఈ అడవిలో ఉన్న మాట నిజమే. బావురు పిల్లి రాత్రిపూట తిరిగే జంతువు కనుక పగలు కనబడుతుందని పిల్లలకు మాట ఇవ్వకండి. నీటికుక్కలు అదృష్టం ఉంటే బోటులోంచి కనిపిస్తాయి.

హోప్ ఐలాండ్ గురించి కూడా అడుగుతుంటారు. గోదావరి తెచ్చిన ఇసక సముద్రంలో పొడుగ్గా మేట వేసి ఏర్పడిన దిబ్బ అది. కాకినాడ రేవుకు అడ్డుగోడలా నిలబడి అలల నుంచి కాపాడుతోంది. అక్కడికి బోటు అన్ని రోజులూ ఉండదు, గాలి తిరిగితే ఉన్న రోజు కూడా ఆపేస్తారు. దాన్ని నమ్ముకుని రోజంతా ఖాళీ పెట్టుకోవద్దు.

సాయంత్రం ఉప్పాడ రోడ్డు. ఆ రోడ్డు మీద ప్రయాణమే ఒక దర్శనం, సముద్రం పక్కనే వస్తుంది. స్నానానికి మాత్రం ఉప్పాడ పనికిరాదు. అక్కడ తీరం ఏళ్ల తరబడి కోతకు గురవుతోంది. అలలకు అడ్డంగా పెద్ద రాళ్లు పోశారు. రాళ్ల మీద నాచు, సందుల్లో గుంతలు. అమావాస్య, పౌర్ణమి పోటుకు అలలు రోడ్డు మీదికి ఎగురుతాయి, వాయుగుండం ఉంటే రోడ్డే మూసేస్తారు. పిల్లల ఆటలకు కాకినాడ వైపు బీచి పార్కు దగ్గర ఆగండి. అక్కడైనా మోకాలి లోతు దాటనివ్వద్దు.

ఉప్పాడ దాకా వెళ్లాక చీరల మగ్గం చూడకుండా వస్తే వెళ్లినట్టే కాదు. ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దుకాణంలో చీర చూడటం వేరు, మగ్గం దగ్గర చూడటం వేరు. పడుగు దారాల కింద కాగితం మీద గీసిన నమూనా పెట్టుకుంటారు. ఒక్కో పువ్వుకు ఒక్కో చిన్న కండె ఉంటుంది. పువ్వు ఎక్కడ రావాలో అక్కడే ఆ దారాన్ని చేత్తో ఎక్కించి, ఒక పేక నేసి, మళ్లీ ఎక్కిస్తారు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తే ఒక చీరకు రోజులు, పనితనం ఎక్కువైతే నెలలు. కొనేటప్పుడు చీర తిరగేసి చూడండి. అసలు జాందానీలో పువ్వు రెండు వైపులా ఒకేలా ఉంటుంది. వెనకవైపు ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దారాలు వేలాడుతున్నా, కత్తిరించిన కొసలు గరుగ్గా తగిలినా అది యంత్రం మీద తీసిందే.

రంప గాలి:

కొండల సంగతి నేను చెప్తాను. నాలుగు రోజుల్లో పాపికొండలు, మారేడుమిల్లి రెండూ వద్దండి. రెండింటికీ దారి రాజమండ్రి మీదుగానో గోకవరం మీదుగానో ఉంటుంది, రెండూ పూర్తి రోజులు తింటాయి. కాకినాడ మకాం పెట్టుకుని రెండు రోజులు తిరిగితే బండిలో కూర్చోవడమే మిగులుతుంది. మోకాళ్ల నొప్పులావిడ ఉన్నారు కనుక మీకు పాపికొండలే నయం, ఎక్కువ భాగం కూర్చునే చూడొచ్చు.

ముందు ఒక పొరపాటు దిద్దాలి. పాత పుస్తకాలు, పాత వీడియోలు చూసి ఇప్పటికీ కొందరు బోటు కోసం పట్టిసీమ వెళ్తున్నారు. పట్టిసీమలో లంక మీద వీరభద్రస్వామి గుడి ఉంది, దాని అందం దానిది. కానీ అది పోలవరం కట్టకు దిగువన ఉంది. పాపికొండల బోట్లు ఇప్పుడు కట్టకు ఎగువన దేవీపట్నం మండలంలో గండిపోచమ్మ గుడి దగ్గర నుంచి బయల్దేరతాయి. రాజమండ్రి నుంచి బండిలో గంటన్నర పెట్టుకోండి. పొద్దున్నే మంచు ఉంటుంది కనుక 7 గంటలకే రాజమండ్రి వదలాలి. బోటు 9–10 మధ్య కదిలి సాయంత్రం 5 ప్రాంతంలో తిరిగొస్తుంది. కాఫీ, టిఫిను, భోజనం టికెట్టులోనే కలిపి ఉంటాయి, భోజనం శాకాహారం.

దారిలో పోలవరం వెనక నీటిలో మునిగిన ఊళ్లు వస్తాయి. ఎత్తుమీద మిగిలిన గోడలు, నీళ్లలోంచి తల బయటపెట్టిన చెట్లు కనబడతాయి. అక్కడ పాటలు ఆపమని బోటువాళ్లను అడగండి. ఆ ఊళ్లవాళ్లు ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లింది ఈమధ్యనే. అదేమిటో పిల్లలకు అక్కడే చెప్పాలి. ఆ తర్వాత కొండలు రెండువైపులా దగ్గరకొచ్చి నది సన్నబడే చోటు వస్తుంది. చూడాల్సింది అదే. వెళ్లేటప్పుడు డెక్కు మీద ముందువైపు కుర్చీలు పట్టుకోండి. వచ్చేటప్పుడు ఎండ ముఖాన కొడుతుంది, అప్పుడు కింద కూర్చున్నా నష్టం లేదు.

పేరంటాలపల్లి దగ్గర బోటు ఆపుతారు. రామకృష్ణ ముని ఆశ్రమం, శివాలయం, కొండమీది నుంచి దిగే సన్నటి ఊట ఉంటాయి. ఒడ్డు వాలుగా ఉంటుంది, నీటిమట్టాన్ని బట్టి బురద కూడా. బోటుకీ ఒడ్డుకీ మధ్య వేసే చెక్క సన్నం. మీ వియ్యపురాలిని దింపవద్దు, బోటులోనే ఎవరైనా తోడుండండి. అక్కడ కొండరెడ్డి గిరిజనులు చేసిన వెదురు బుట్టలు, పూలసజ్జలు అమ్ముతారు. బేరమాడకుండా తీసుకోండి, ఆ పనికి ఆ ధర ఎక్కువేమీ కాదు.

జాగ్రత్త విషయంలో మొహమాటం వద్దు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర, గోదావరి వరద మీద ఉన్నప్పుడు బోటు మునిగి పదుల మంది చనిపోయారు. ఆ తర్వాతే రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టారు. జనాన్ని లెక్కపెట్టి, బోటును చూసి అనుమతిస్తేనే కదలాలి. వరద నెలల్లో బోట్లు ఆపేసి, నది నెమ్మదించాక మళ్లీ వదులుతారు. డిసెంబరులో నది మామూలుగా శాంతంగానే ఉంటుంది. అయినా బంగాళాఖాతంలో తుపాను ఉంటే ఆపేస్తారు. లైఫ్ జాకెట్ కుర్చీకి తగిలించి కూర్చుంటే లాభం లేదు, ఎక్కిన దగ్గర నుంచి దిగేవరకు ఒంటి మీదే ఉండాలి, తాళ్లు మూడూ కట్టాలి. పిల్లలకు పిల్లల సైజు అడిగి తీసుకోండి. పెద్దవాళ్లది వేస్తే నీళ్లలో పడ్డప్పుడు జాకెట్ పైకి జారిపోయి పిల్ల కిందికి పోతుంది. ఏదన్నా కనబడిందని అందరూ ఒకే వైపుకు పరిగెత్తకూడదు.

ఇక ఎప్పుడైనా మారేడుమిల్లి వెళ్తే: రాజమండ్రి నుంచి 85 కిలోమీటర్ల పైన, గోకవరం, రంపచోడవరం మీదుగా. అక్కడే ఒక రాత్రి ఉండాలి. పెట్రోలు గోకవరంలోనే నింపుకోవాలి. మారేడుమిల్లి దాటాక చింతూరు వైపు ఘాట్‌లో జలతరంగిణి, ఇంకా ముందుకెళ్తే అమృతధార వస్తాయి. అసలు మలుపులు కూడా ఆ దారిలోనే. కడుపులో తిప్పే పిల్లలకు ముందే తేలికగా పెట్టండి.

కోటిపల్లి రేవు:

పైవాళ్లిద్దరూ చెప్పింది అక్షరాలా నిజం. కోనసీమకు అంతర్వేది దాకా వెళ్లాలా అన్నారు కదా. ఈసారికి వద్దండి. కాకినాడ నుంచి అంతర్వేది వెళ్లి రావడమే ఒక రోజు పని. లక్ష్మీనరసింహస్వామి గుడి, గోదావరి పాయ వసిష్ఠ సముద్రంలో కలిసే చోటు, దీపస్తంభం చక్కగా చూడాలంటే రాజోలులోనో దిండిలోనో రాత్రి ఆగాలి. ఒక ముక్క మాత్రం గుర్తుంచుకోండి. అంతర్వేదికి సఖినేటిపల్లి పంటు (మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పడవ) ఎక్కాలని చాలామంది చెప్తారు. అది నర్సాపురం వైపు నుంచి వచ్చేవాళ్లకు. కాకినాడ నుంచి వెళ్తే ఎదుర్లంక వంతెన, అమలాపురం, రాజోలు మీదుగా రోడ్డే ఉంది.

పంటు ఎక్కించాలనుకుంటే అంతకన్నా మంచి దారి చెప్తాను. ఒకే రోజులో చుట్టు పూర్తవుతుంది, వెళ్లిన దారిన తిరిగి రానక్కర్లేదు.

పొద్దున 7కి కాకినాడ వదిలితే 8కల్లా ద్రాక్షారామం. ఇక్కడ వేళ ముఖ్యం. మధ్యాహ్నం 12 దాటితే ఈ ప్రాంతపు పాత గుళ్లు చాలావరకు మూసేస్తారు, మళ్లీ తీసేసరికి 3, ఒక్కోచోట 4. పదకొండున్నరకు చేరి గేటు దగ్గర మూడు గంటలు కూర్చునేవాళ్లు రోజూ ఉంటారు. ద్రాక్షారామం పంచారామాల్లో ఒకటి, మాణిక్యాంబ అమ్మవారిది అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి. భీమేశ్వరుడి లింగం రెండంతస్తుల ఎత్తు. పూజ, అభిషేకం పై అంతస్తులో జరుగుతాయి. మోకాళ్ల నొప్పులావిడ మెట్లు ఎక్కలేకపోతే దిగులు పడనక్కర్లేదు, కింది అంతస్తులో లింగం మొదలు చూడొచ్చు. ప్రాకారం గోడలూ స్తంభాలూ వదలకుండా చూడండి. వందల శాసనాలున్నాయి. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడినప్పుడు అక్షరాలు స్పష్టంగా తేలతాయి, మధ్యాహ్నం అవే రాళ్లు నున్నగా కనబడతాయి. తెలుగు లిపి వందల ఏళ్ల కింద ఎలా ఉండేదో పిల్లలు వేలుపెట్టి చూపించగలరు. తడమనివ్వద్దు, చూడటం వరకే.

అక్కడి నుంచి కోటిపల్లి అరగంట లోపు. సోమేశ్వరస్వామి దర్శనం చేసుకుని రేవుకు దిగండి. గోదావరి పాయ గౌతమి మీద పంటు అవతల ముక్తేశ్వరం రేవుకు చేరుస్తుంది. రెండు పడవల మీద చెక్కలు పరిచి కట్టిన తీరులో ఉంటుంది పంటు. బళ్లు, మనుషులు, కొబ్బరికాయల బస్తాలు అన్నీ ఒకేసారి ఎక్కుతాయి. పెద్ద బండిని ఎక్కిస్తారా లేదా అన్నది ఆ రోజు నీటిమట్టాన్ని బట్టి రేవులో చెప్తారు. ఎక్కించేటప్పుడు డ్రైవరు తప్ప అందరూ దిగిపోవాలి. ఇంజను ఆపి, గేరులో పెట్టి, చక్రాలకు అడ్డుచెక్క పెట్టించండి. నీరు తగ్గి ఇసక మేటలు తేలితే పంటు చుట్టు తిరిగి వెళ్తుంది, పది నిమిషాల ప్రయాణం అరగంట అవుతుంది. వరదలో ఆపేస్తారు. చీకటి పడితే ఆపేస్తారు. బండి ఎక్కకపోతే మనుషులు పంటు మీద దాటి, డ్రైవరు యానాం–ఎదుర్లంక మీదుగా చుట్టి రావచ్చు. కానీ ఆ చుట్టు గంటన్నర పైమాటే కనుక ముందే పంపించాలి.

ముక్తేశ్వరం దిగాక అయినవిల్లి సిద్ధివినాయకుడు దగ్గరే, 12 లోపు అందుకోవచ్చు. భోజనం అమలాపురంలో. తర్వాత హడావిడి పెట్టుకోవద్దు. అమలాపురం నుంచి ముమ్మిడివరం వైపు వచ్చే దారంతా కాలవ, కాలవ గట్టున కొబ్బరితోటలు, తోటలో అరటి, కంద, పోక. ఎక్కడైనా దింపు (కొబ్బరికాయలు దించడం) జరుగుతుంటే బండి ఆపించండి. మనిషి నడుముకు కత్తి కట్టుకుని చెట్టెక్కి గెల నరికే పద్ధతి, కింద గునపం మీద ఒక్క పోటుతో డొక్క వలిచే చేతివాటం హైదరాబాదు పిల్లలు ఎక్కడ చూస్తారు! చెట్టు కింద మాత్రం నిలబడనివ్వకండి. బొండాం తోటలోనే కొట్టించుకుని తాగాలి.

ఓపిక మిగిలితే సాయంత్రం మురమళ్ల వీరేశ్వరస్వామి గుడి. అక్కడ ప్రతి రాత్రీ స్వామికి కళ్యాణం చేస్తారు. అది అయ్యాక ఎదుర్లంక వంతెన దాటితే యానాం, అక్కడి నుంచి కాకినాడ ముప్పై కిలోమీటర్లు. యానాంలో ఏటి ఒడ్డున అరగంట కూర్చోవచ్చు, 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఊరు, ఇప్పటికీ పుదుచ్చేరి పాలనలోనే ఉంది. చవగ్గా ఉందని అక్కడి మందు సీసాలు బండిలో పెట్టుకుని రాకండి, చెక్‌పోస్టులో బండితో సహా నిలబెడతారు.

తుల్యభాగ:

చాలా థాంక్సండి, ఇంత వివరం అనుకోలేదు. మిగిలింది అన్నవరం. అది ఏ రోజు పెట్టుకోవాలి? వాళ్ల తిరుగు టిక్కెట్టు ఇంకా తీయలేదు. ఇంకో మాట, వియ్యంకుడు గారు పులస పులుసు అడుగుతున్నారు. కాజాలు, పూతరేకులు మూటకట్టి ఇవ్వాలి, ఎక్కడ కొనమంటారు?

పంపా తీరం:

తిరుగు టిక్కెట్టు తీయకపోవడమే మంచిదయింది. కాకినాడ నుంచి కాకుండా రాజమండ్రి నుంచి తీయండి. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వస్తే నేరుగా కాకినాడలో దిగుతారు, వెళ్లేటప్పుడు అదే బండి రాజమండ్రిలో ఎక్కొచ్చు. దానివల్ల పాపికొండల తర్వాత 65 కిలోమీటర్లు వెనక్కి రావడం తప్పుతుంది.

అప్పుడు మొదటి రోజు కోరంగి, ఉప్పాడ. రెండో రోజు కోటిపల్లి చుట్టు. మూడో రోజు గదులు ఖాళీ చేసి సామానుతో అన్నవరం, అక్కడి నుంచి జాతీయ రహదారి మీద రాజమండ్రి చేరి రాత్రి మకాం. నాలుగో రోజు బోటు, రాత్రి రైలు. తుపాను వల్ల బోటు ఆగిపోతే ఆ రోజు ధవళేశ్వరం వెళ్లండి. 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర పూర్తి చేసిన ఆనకట్ట చోటు అది, ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టింది. పక్కనే కాటన్ మ్యూజియం. కోనసీమ పచ్చగా ఎందుకుందో పిల్లలకు అక్కడ బోధపడుతుంది. బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దిగితే ఆత్రేయపురం, ర్యాలి. ర్యాలిలో ఒకే రాతిలో ముందువైపు కేశవస్వామి, వెనకవైపు మోహిని. వెనక జడముడి, కాలి మడమ దగ్గర చెక్కడం దీపం పట్టి చూపిస్తారు, తొందరపడకుండా నిలబడి చూడాలి.

అన్నవరానికి కాకినాడలో 6కే బయల్దేరాలి, యాభై కిలోమీటర్లు. రత్నగిరి మీదికి ఘాట్ రోడ్డు ఉంది కనుక మెట్లు ఎక్కక్కర్లేదు. వ్రతం టిక్కెట్లలో తరగతులు ఉన్నాయి. తేడా ఎక్కువగా కూర్చోబెట్టే మండపానిది, వ్రతం మాత్రం అదే. పూజాద్రవ్యాలు దేవస్థానమే ఇస్తుంది, ఇంటి నుంచి మోయనక్కర్లేదు. దంపతులు పంచె, చీరలతో కూర్చోవాలి. మీ వియ్యపురాలు కింద కూర్చోలేరన్నది టిక్కెట్టు తీసేటప్పుడే చెప్పండి, మండపంలోకి వెళ్లాక చెప్తే సర్దడం కష్టం. ఆదివారం, ఏకాదశి, పౌర్ణమి తప్పించుకోండి. ఎర్ర గోధుమనూకతో చేసి ఆకులో కట్టిచ్చే ప్రసాదం వేడిగా ఉన్నప్పుడే ఒక పొట్లం విప్పండి. కొండమీద క్యూ పెద్దగా ఉంటే కంగారు పడొద్దు, కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కూడా దొరుకుతుంది.

మూడో రోజు దారిలో సామర్లకోట కుమారారామం అడుగుతారేమో. వ్రతం అయ్యేసరికి 11 దాటుతుంది, అక్కడికి వెళ్లేలోపు తలుపులు వేసేస్తారు. ఇదీ పంచారామాల్లో ఒకటే, ద్రాక్షారామం చూశారు కనుక దీన్ని వదిలేయొచ్చు. తప్పదంటే మొదటి రోజు కాకినాడలో దిగగానే, కోరంగి పోటు వేళ మధ్యాహ్నం పడితే, పొద్దున 8కి వెళ్లి రండి. పదిహేను కిలోమీటర్లే.

గొట్టం కాజా:

తిండి సంగతి నాకు వదిలేయండి.

పులస డిసెంబరులో లేదండి. సముద్రపు చేప గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీదుతూ గోదావరిలోకి వస్తేనే పులస. ఆ ఎర్రనీళ్లలో ఈదాకే ఆ రుచి వస్తుంది. అది జులై నుంచి సెప్టెంబరు దాకా, ఎక్కువగా ధవళేశ్వరానికి దిగువన దొరుకుతుంది. సముద్రంలో ఉన్నప్పుడు అదే చేప విలస. ఇప్పుడు పులస అని బోర్డు పెట్టినవాళ్లు అమ్మేది విలస గానీ, వేరే రాష్ట్రం నుంచి ఐసులో వచ్చింది గానీ. ఆ ధర పెట్టకండి. వియ్యంకుడు గారిని శ్రావణంలో మళ్లీ రమ్మనండి. ఈసారికి కొర్రమీను గానీ, చెరువు రొయ్యలు గానీ బాగుంటాయి.

కాజాల్లో రెండు రకాలున్నాయి, కలిపేయకండి. కాకినాడది గొట్టం కాజా, గుండ్రంగా లోపల డొల్లగా ఉండి నిండా పాకం. తాపేశ్వరానిది మడత కాజా, పొరలు పొరలుగా ఉంటుంది. ప్రయాణానికి మడత కాజా నయం. గొట్టం కాజా రైల్లో నలిగితే పాకం కారి మూట తడిసిపోతుంది. అట్టపెట్టెలో ఒకే వరసలో సర్దించుకోవాలి. తినేటప్పుడు చివర చిన్నగా కొరికి ముందు పాకం పీల్చమని పిల్లలకు చెప్పండి, లేకపోతే చొక్కా మీదే.

పూతరేకులు ఆఖరి రోజు రాజమండ్రిలో కొనండి, ముందు కొని నాలుగు రోజులు తిప్పితే పొడి అవుతాయి. ఆత్రేయపురం వెళ్లే వీలు చిక్కితే మాత్రం రేకు తీసేది చూపించండి. బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి పాలలా పల్చన చేస్తారు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. పల్చటి గుడ్డను పిండిలో ముంచి, రెండు చేతులా చాపి, కుండ మీద ఒక్కసారి ఆనించి లాగేస్తారు. రెప్పపాటులో రేకు లేచి వస్తుంది. మంట ఎక్కువైతే రేకు మాడి చిరుగుతుంది, తక్కువైతే కుండకు అంటుకుంటుంది. అందుకే ఒక చెయ్యి గుడ్డ మీద, ఇంకో చెయ్యి ఆకు ఎగదోయడం మీద ఉంటుంది. కొనేటప్పుడు ఒకటి విరిచి చూడండి. నెయ్యి వాసన ముందు రావాలి, రేకు నోట్లో పెట్టగానే కరిగిపోవాలి. పళ్లకు అతుక్కుంటే చెమ్మ తగిలిన సరుకు. బెల్లంవి, పంచదారవి వేరువేరు పెట్టెల్లో కట్టించండి, బెల్లం చెమ్మ లాగి పక్కవాటిని మెత్తబరుస్తుంది.

రంప గాలి:

ఒక్క మాట మర్చిపోయాను తుల్యభాగ గారూ. బొంగు చికెన్ కోసమే మారేడుమిల్లి అడుగుతున్నారేమో పిల్లలు. దానికోసం అంతదూరం వెళ్లక్కర్లేదు, రంపచోడవరం దారిలోనూ కాలుస్తారు, కానీ చూసి తినాలి. బొంగు పచ్చగా ఉండాలి. ఎండు బొంగైతే కూర ఉడకకముందే అది అంటుకుని పగులుతుంది. ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించిన ముక్కల్ని నూనె, నీళ్లు లేకుండా బొంగులో కూరి, పైన నాలుగు వేళ్ల ఖాళీ వదిలి, మూతిని ఆకులతో బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. బొంగులోని చెమ్మే కూరను ఉడికిస్తుంది. చుట్టూ ఒకే రకంగా నల్లబడటానికి అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. వెళ్లగానే పది నిమిషాల్లో చేతికిస్తే అది ముందే గిన్నెలో వండి బొంగులో పోసింది. మీ కళ్లెదుట కూరి కాల్చమనండి, పిల్లలకైతే కారం సగం వెయ్యమని కూరకముందే చెప్పండి, మూతి బిగించాక మార్చలేరు.